కొలతగదిలో దేవుడి వాటా

శారదా ఏటి గట్టు మీద, దేవరాపల్లి పోయే రోడ్డు వంపు తిరిగే చోట ఒక గది ఉంది. నాలుగు గోడలు, పైన రేకు, రేకు మీద ఎండకి కరెంటు పుట్టించే అద్దం పలక. పగలు దాన్ని జనం కొలతగది అంటారు. చీకటి పడ్డాక ఆ పేరు కూడా ఎత్తరు. "అక్కడ" అంటారు, అంతే.

అక్కడ రేడియో పాడదు.

సెల్‌ఫోన్లలో రేడియో వచ్చిన కొత్తది ఆ కాలం. చెవిలో తీగ పెట్టుకుని సైకిలు మీద పోయే మనిషికి వంపు దగ్గర పాట తెగిపోయేది. తెగి... గిర్ర్ర్... కిర్ర్ర్... పళ్ళు కొరికిన చప్పుడు. చెవిలోకి దూరి మరీ కొరికినట్టు. నాలుగు బారలు దాటితే మళ్ళీ పాట, ఏమీ ఎరగనట్టు.

ఆ పళ్ళు జోగివని ఊరంతా చెప్పుకునేవారు.

జోగి ఆ గదిలో నీళ్ళు చూసే మనిషి. ఏట్లో పాతిన కొలతరాయి మీద నీరెంత వచ్చిందో చూసి ఆఫీసుకి చెప్పడం అతని పని. ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. ఒక వానాకాలం ముందర ఆఫీసోళ్ళు గది గోడకి ఒక ఇనప పెట్టె బిగించేరు. దాని మీద అంకెల మీటలు. నీటి లెక్క నొక్కితే, టైము తనే కలుపుకుని, వైర్‌లెస్‌లో ఆఫీసుకి పంపుతుంది. అంతకు ముందు జోగి కాగితం మీద రాసి పంపేవాడు. పెట్టెకి పని పడింది ఆ వానాకాలమే. పని పడిన మొదటి రాత్రే గట్టు తెగింది.

కిందపేట కొట్టుకుపోయింది. నిద్దట్లో ఉన్నవాళ్ళు నిద్దట్లోనే పోయేరు.

జోగి శవం దొరకలేదు. అదే వచ్చింది చిక్కు. దొరికుంటే అయ్యో అనుందురు. దొరకలేదు కాబట్టి పారిపోయేడన్నారు. ఆ మాట ముందు అన్నది ఆఫీసు పెద్ద త్రినాధరావు. ఆయన పేరు దాచక్కర్లేదు, ఆయన ఎవరి పరువూ దాచలేదు. "మీ జోగి ఆఖరుసారి పంపింది అర్ధరాత్రి దాటి ఇరవైమూడు నిమిషాలకి. నీరు అడుగూ ఎనభై అయిదు అన్నాడు. తరవాత పత్తా లేడు," అని వరండాలో నిలబడి అందరికీ చదివి వినిపించేడు. చొక్కా మడత నలక్కుండా చదివేడు.

గట్టు తెగింది రెండింటికి. అంటే అబద్ధం పంపి, తన ప్రాణం తను చూసుకుని పోయేడనే కదా. జోగిని ఒరిస్సాలో చూసేమన్నవాళ్ళు కూడా పుట్టేరు.

పెళ్ళాం కొండలమ్మ మిగిలింది.

బొట్టు తియ్యడానికి శవం లేదు. పెట్టుకుంటే ఊరుకునే ఊరు కాదు. అయినా పెట్టుకునేది. "ఎవడి కోసమే?" అని మొహం మీదే అడిగినవాళ్ళున్నారు. మొదట్లో కోపం వచ్చేదట. తరవాత అదీ పోయింది. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దిమ్మలు వరసలు పేర్చే పని ఆవిడది. దిమ్మ ఎత్తడం, దించడం. పొద్దుపోతే ఇంటికి. అన్నం రుచి తెలిసేది కాదు, చెయ్యి కాలినా కాసేపటికి గాని తెలిసేది కాదు. ఆవిడకి కావలసింది ఒక్కటే. మొగుడు పారిపోయేడా, లేదా? తిరిగి రావాలని కాదు. అది తెలియాలి.

*

ఆటో తోలే పరదేశి తల్లి కిందపేటలోనే పోయింది. వరదకి ముందర కొండలమ్మని "అత్తా, అత్తా" అంటూ ఇంట్లో తిరిగిన మనిషి. వరద తరవాత వరస మానేసేడు. ఆవిడ ఎదురొస్తే ఉమ్మేసి పోయేవాడు. ఆటో ఎంత ఖాళీగా ఉన్నా ఎక్కించుకునేవాడు కాదు.

అతని ఆటోలో రేడియో ఉంది. పాత బస్టాండు వెనక సమీవుల్లా కొట్లో మూడోసారి విప్పించేడు దాన్ని.

"సమీ భాయ్, డబ్బా మారుసు. అక్కడికెల్తే కొరుకుతంది."

"డబ్బాలో ఏం లేదు భాయ్. నీ చెవిలోనే ఏదో ఉంది."

"అయితే నువ్వే రా. నీ చెవితో ఇను."

సమీవుల్లా మంచి పనివాడు. ఇస్తానన్న రోజుకి ఏ వస్తువూ ఇవ్వడు, అది వేరే సంగతి. మునిమాపువేళ ఆటోలో వెళ్ళేడు. వంపు దగ్గర పాట తెగింది... గిర్ర్ర్... కిర్ర్ర్...

పరదేశి కళ్ళు మూసుకున్నాడు. సమీవుల్లా మాత్రం తల వంచి, రేడియోకి చెవి ఆనించి, ఇంకోసారి వెనక్కి తిప్పమన్నాడు. మళ్ళీ విన్నాడు.

"పళ్ళు కాదు ఇది," అన్నాడు మెల్లగా. "అంకెలు."

మర్నాడు బెల్లం మార్కెట్టులో కొండలమ్మ వరస దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నీ మొగుడి పెట్టె ఇంకా మాట్లాడుతోంది. ఏమంటోందో చూద్దాం, వస్తావా?"

ఆవిడ చేతిలో దిమ్మ దించింది. గుండె కొట్టుకోవాలి కదా అప్పుడు. కొట్టుకోలేదు. "పని అయ్యేక వత్తాను," అంది.

*

కొట్లో ఒక పాత వైర్‌లెస్ సెట్టు. డాబా మీది కర్రకి దాని తీగ. సెట్టు నించి ఇంకో తీగ కంప్యూటర్లోకి. రేడియోలో చెయ్యవలసిన పనంతా కంప్యూటరే చేసే ప్రోగ్రాం ఒకటి ఇంటర్నెట్టులోంచి దించుకున్నాడు సమీవుల్లా. పరదేశి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాకుండా. వినకుండా పోలేడు, ఆవిడ పక్కన కూచోలేడు.

సెట్టు గిర్రుమంది. కంప్యూటరు అద్దం నిండా ఒకట్లు, సున్నాలు పరిగెత్తేయి. వాటి కింద అక్షరాలు పడ్డాయి. పిచ్చి అక్షరాలు, అర్థం లేని గీతలు.

"దెయ్యం రాత," అన్నాడు పరదేశి.

"ఆగు భాయ్. అక్కా, నీకు తెలిసినట్టు చెప్తాను. ఇవి ఎనిమిదేసి ఒక కట్ట. మార్కెట్టులో ఎనిమిదేసి దిమ్మలు ఒక రైతువి అనుకో. నువ్వు వచ్చేసరికే వరస వేసేసేరు. నువ్వు మూడో దిమ్మ దగ్గర మొదలెట్టి ఎనిమిది లెక్కపెడితే?"

"ఒకడి బెల్లం ఇంకొకడి పేరున పడిపోద్ది."

"దిమ్మలు మంచివేనా?"

"దిమ్మలకేటి? మొదలెట్టిన సోటే తప్పు."

"అదీ. ఇక్కడా అంతే. వచ్చినవన్నీ నిజమే. ఎక్కడ మొదలో తెలీక చెత్తలా ఉంది."

"మేం మొదటి దిమ్మ కింద తాటాకు ముక్క పెడతాం, గురుతుకి."

"పెట్టె కూడా పెడుతుంది. ప్రతిసారీ ముందర ఒకటే గుర్తు. అది కనబడే దాకా ఒక్కొక్కటీ జరపాలి."

ఒకటి జరిపేడు. చెత్త. ఇంకోటి జరిపేడు. చెత్త. ఆవిడ అద్దం వైపు చూస్తూనే ఉంది, రెప్ప వెయ్యకుండా. మళ్ళీ జరిపేడు... గీతలన్నీ ఒక్కసారి సర్దుకున్నాయి, తలుపు దగ్గర తోసుకునే జనం వరసలో నిలబడ్డట్టు.

"గుర్తు దొరికింది. ఇది గది నెంబరు, తలుపు మీద రాసిందే. దీని వెనక నాలుగు అంకెలు నీటివి, రెండు అడుగులకి, రెండు అడుగులో నూరో వంతులకి. ఆ తరవాత నాలుగు టైమువి." చదివేడు. "సున్నా, ఒకటి, ఎనిమిది, అయిదు..."

ఆగిపోయేడు.

"సదువు," అంది కొండలమ్మ.

"సున్నా, సున్నా, రెండు, మూడు."

అడుగూ ఎనభై అయిదు. అర్ధరాత్రి దాటి ఇరవైమూడు నిమిషాలు. త్రినాధరావు వరండాలో చదివింది చదివినట్టే ఉంది.

పరదేశి బయటికి తిరిగి ఉమ్మేసేడు. "అయిపోనాదా? ఇనేసేవా మీ ఆయన గొంతు? దీనికోసరం మూడుసార్లు ఇప్పించేను రేడియో!"

కొండలమ్మ లేచింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. ఇన్నేళ్ళూ లోపల ఒక మూల ఏదో ఆనుకుని కూచుని ఉండేది, అది కూడా లేచి వెళ్ళిపోయింది. నొప్పి లేదు. పన్ను పీకించుకున్నాక దవడ ఉన్నట్టు ఉంది, అంతే.

"ఆగక్కా," అన్నాడు సమీవుల్లా. అద్దం మీద వేలు పెట్టేడు. "ఒకటి మిగిలింది."

"ఏటి మిగిలింది?"

"ఉండవలసినవి ఎనిమిది అంకెలు. వచ్చినవి తొమ్మిది. చివర ఒక సున్నా దిక్కులేకుండా ఉంది చూడు. యంత్రం తనంతట తను ఎక్కువ పెట్టదు. ఎవరో చేత్తో ఒకటి ఎక్కువ నొక్కేరు. ఎక్కడ నొక్కేరో తెలిస్తే..."

"ముందర," అంది కొండలమ్మ.

ఇద్దరూ ఆవిడ వైపు చూసేరు.

"మా మావ, ఈయన అయ్య, కళ్ళాల్లో ధాన్యం కొలిసే మనిసి. మొదటి కుంచం దేవుడికి తీసి పక్కనెట్టీవోడు. అది లెక్కలోకి రాదు. ఆ తరవాత నించే లెక్క. ఈయనకీ అదే పట్టు. ఏది లెక్కెట్టినా ముందొకటి దేవుడి వాటా. నాకు గాజులు తొడిగించినప్పుడు మొదటి గాజు పక్కనెట్టించీసేడు. గాజులోడు నవ్వేడు."

"అంకెల్లో దేవుడికి ఏం పెడతాడక్కా?"

"ఇయ్యడానికి ఏటీ లేనప్పుడు ఉత్త సెయ్యి పెట్టీవోడు. సున్నాయే పెట్టుంటాడు."

సమీవుల్లా ముందరి సున్నాని తీసి పక్కన పెట్టేడు. మిగిలినవన్నీ ఒక్కొక్క అడుగు ముందుకి జరిగేయి.

"ఒకటి... ఎనిమిది... అయిదు... సున్నా."

పద్దెనిమిదిన్నర అడుగులు.

"సున్నా... రెండు... మూడు... సున్నా."

రెండున్నర.

చివర ఏదీ మిగల్లేదు.

గట్టు తెగింది రెండింటికని పరదేశికి ఒకరు చెప్పక్కర్లేదు. గది గచ్చు కొలతరాయి మీద పదహారు దగ్గరుంటుందని కొండలమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. గట్టు తెగిన తరవాత కూడా, తొడల లోతు నీళ్ళలో, చీకట్లో, జోగి ఆ పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. దేవుడి వాటా పెట్టి మరీ లెక్క నొక్కుతున్నాడు.

"అంటే... ఆ సున్నా ఎట్టకుండా ఉంటే..." అన్నాడు పరదేశి.

"ముందు గంటల్లో నొక్కినవీ ఇలాగే జరిగిపోయుంటాయి," అన్నాడు సమీవుల్లా, ఎవరి మొహమూ చూడకుండా. "ఆఫీసులో ఏరు అడుగు, అడుగున్నర అని పడుంటుంది, ఆ రాత్రంతా."

అంత వానలో ఏరు అడుగున్నర ఉందని యంత్రం చెప్తే, త్రినాధరావు లేచి కిటికీ రెక్క తీసి చూసుకోలేదు. ఈ మాట ఆ రోజు కొట్లో ఎవరూ అనలేదు. అనవలసిన మాట కాబట్టి ఇక్కడ రాయడం.

కొండలమ్మ మళ్ళీ కూచుంది. మొగుడు పారిపోలేదు. మొగుడి భక్తే కిందపేటని లేవనివ్వలేదు. రెండూ ఒక్కసారే ఒళ్ళో పడ్డాయి. ఏది ముందు ఎత్తుకోవాలో తెలీక రెంటినీ అలాగే ఉండనిచ్చింది. కన్ను తడవలేదు.

"ఇంకా ఎందుకు సెప్తంది అది?" అని అడిగింది చివరికి. "ఇన్నేళ్ళయిపోనాదే."

"అందింది అని జవాబు వచ్చే దాకా చెప్తానే ఉంటుందక్కా. అలా చేసేరు దాన్ని. ఒక అంకె ఎక్కువ వచ్చింది కాబట్టి ఆఫీసు యంత్రం జవాబివ్వలేదు. తరవాత ఆ యంత్రాన్నే ఎత్తేసేరు. పైన ఎండ పలక ఉంది, కరెంటు చావదు. ఆఖరి మాట అదే... మళ్ళీ మళ్ళీ..."

దెయ్యం లేదు, ఏమీ లేదు. జవాబు రాని మాట, అంతే.

కథ ఇక్కడ ఆగిపోతే బాగుండును.

"పదండి," అంది కొండలమ్మ. "ఒకసారి అక్కడికెల్దాం."

*

పరదేశి ఆటో తీసేడు. ఎవరూ అడగలేదు, తనే తీసేడు. కొండలమ్మ ఎక్కితే వద్దనలేదు. అత్తా అనీ అనలేదు. సమీవుల్లా ఇంకో చిన్న సెట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు, వచ్చే చప్పుడు పట్టి దాచుకోడానికి.

వంపు దగ్గర ఆటో ఆగింది. రేడియోలో పాట నడుస్తోంది. చీకట్లో కొలతగది రేకు మాత్రం కొంచెం మెరుస్తోంది. తలుపు ఒక బందు మీద వేలాడుతోంది. లోపల వరద తెచ్చిన ఒండ్రు గట్టిపడి, కిటికీ దాకా నిండి ఉంది. దాని పైన గోడకి ఇనప పెట్టె... తుప్పు పట్టి...

పరదేశి దిగలేదు. సమీవుల్లా దిగి, నాలుగడుగులు వేసి, అక్కడే నిలబడిపోయేడు. మార్కెట్టులో బేరం చేసినంత గొంతు ఉన్న మనిషి, గుసగుసగా "అక్కా, లోపలికి పోకు" అన్నాడు.

ఆవిడ పోలేదు. కిటికీ దగ్గర ఆగింది. చీర చెంగు ముడి విప్పింది. అందులో బెల్లం ముక్క. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది.

ఇంట్లో అన్నానికి పిలిచినంత మామూలుగా అంది–

"ఇదిగో... దేవుడి వాటా నాను ఎట్టేసేను. నువ్వు లెక్క సెప్పు."

గాలి లేదు. ఏటి చప్పుడు కూడా లేదు, ఎండాకాలం, ఏట్లో ఇసకే ఉంది.

ఆటోలో పాట తెగింది.

గిర్ర్–

అంతే. ఎప్పుడూ వచ్చేదానికన్నా పొట్టిగా తెగింది. చివర ఆ కిర్రుమనే తోక లేదు. మళ్ళీ పాట.

పరదేశి చెప్పులు విడిచి ఆటో దిగేడు. ఎందుకు దిగేడో అతనికే తెలీదట. దిగి, అలాగే నిలబడ్డాడు.

*

కొట్టుకి తిరిగొచ్చేక సమీవుల్లా కొత్తగా పట్టిన చప్పుడుని కంప్యూటర్లోకి ఎక్కించేడు. ఒక్కొక్కటీ జరపడానికి మీట మీద వేలు పెట్టుకుని కూచున్నాడు.

జరపక్కర్లేకపోయింది. పడుతూనే సర్దుకుని పడింది.

గుర్తు. గది నెంబరు. ఒకటి, ఎనిమిది, అయిదు, సున్నా. సున్నా, రెండు, మూడు, సున్నా.

"ఇందాకటిదే కదేటి?" అన్నాడు పరదేశి.

"ఇందాక సున్నా నేను తీసేను భాయ్," అన్నాడు సమీవుల్లా. అతని చెయ్యి మీట మీంచి లేవలేదు. "ఇప్పుడు నేను ఏదీ తియ్యలేదు. ఎనిమిదే వచ్చేయి."

"మరి పెట్టె పాతదే కదా సెప్తాది, మల్లీ మల్లీ?"

"పాతదే చెప్పాలి. మార్చడం దానికి రాదు."

"అయితే ఎవుడో లోపల... ఇప్పుడు నొక్కేడు."

"ఇప్పుడు నొక్కితే ఇప్పటి టైము పడాలి. టైము మనిషి పెట్టేది కాదు, పెట్టె పెడుతుంది." సమీవుల్లా టైము అంకెల మీద వేలు పెట్టేడు. "ఇది ఆ రాత్రి రెండున్నరది. ఆ రాత్రే... సున్నా పెట్టకుండా నొక్కింది."

ఆ రాత్రి నొక్కింది సున్నాతో అని ముగ్గురూ చూసేరు. అద్దం మీద పక్కపక్కనే ఉన్నాయి రెండూ.

బల్ల మీది పెద్ద సెట్టు గిర్రుమంది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. పొట్టిగానే పలికింది. అద్దం మీద మళ్ళీ అవే ఎనిమిది అంకెలు, జరపకుండానే.

కొండలమ్మ వేళ్ళకి బెల్లం జిగురు ఇంకా ఉంది. ఒక వేలితో ఇంకో వేలు రాసుకుంటూ అంది, "సమీ, ఇంకోసారి సదువు. పైకి సదువు. పరదేశికి ఇనబడాల."

సమీవుల్లా చదివేడు. పద్దెనిమిదిన్నర అడుగులు. రెండున్నర గంటలు.

పరదేశి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తల్లి మొహమే కనబడిందో, నీళ్ళలో నిలబడ్డ జోగి కనబడ్డాడో... నేల చూస్తూ అన్నాడు–

"ఇన్నానత్తా."

సెట్టు మళ్ళీ పలికే వేళయింది. ముగ్గురూ దాని వైపే చూస్తున్నారు.

వేళ దాటింది.

ఇంకా చూసేరు... డాబా మీద కర్రకి కట్టిన తీగ గాలికి ఒకసారి గోడని కొట్టింది. సెట్టులో ఉత్త గాలి చప్పుడు. అంతే. ఆ రాత్రి మళ్ళీ పలకలేదు. ఆ తరవాత ఏ రాత్రీ పలకలేదు.

కొండలమ్మ చీర చెంగు కొస నోటితో తడుపుకుంది. అద్దం అడక్కుండా, తడుముకోకుండా, నుదుటి మీది బొట్టు తుడిచేసుకుంది.